రీలోడింగ్ ప్రెస్‌లో ముక్క విరిగితే: వారంటీ అడగాలా, కొనేసుకోవాలా, ప్రెస్‌నే పంపాలా?

రీలోడింగ్ ప్రెస్ అంటే కాల్చిన తూటా ఖాళీ కేసులో (ఇత్తడి గొట్టంలో) మళ్లీ ప్రైమర్ (తూటాను పేల్చే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ పెట్టే బెంచీ యంత్రం. అది మొత్తానికి మొత్తం పాడవడం అరుదు. పోయేవన్నీ చిన్నవే: డీక్యాపింగ్ పిన్ను (పేలిన ప్రైమర్‌ను తోసేసేది), ప్రైమర్ ఆర్మ్ (కొత్త ప్రైమర్‌ను అందించేది), ఇండెక్స్ పాల్ (కేసులున్న పళ్లేన్ని తిప్పే కొక్కెం), ప్లాస్టిక్ రాచెట్, ఏదో ఒక స్ప్రింగు. ఖరీదు చూస్తే చాలావాటికి పెద్ద లెక్కేమీ ఉండదు. కానీ అది చేతికొచ్చేదాకా బెంచీ మీద పని మొత్తం ఆగిపోతుంది. అందుకే ఫోను తీసేముందు ఒక్క విషయం తేల్చుకోవాలి: ఆ ముక్క అరిగి పోయిందా, మన చేతి బలానికి విరిగిందా, తయారీలోనే లోపం ఉందా? ఈ మూడింటికీ దారులు వేరు. అరిగేది అయితే ముందే కొని డబ్బాలో పెట్టుకోవాలి. బలానికి విరిగితే కొత్తది బిగించేముందు కారణం వెతకాలి. తయారీ లోపమైతే మొహమాటపడకుండా కంపెనీని అడగాలి.

ఇదంతా అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకునేవారి కోసం. అక్కడ సొంతానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికి చేస్తే మాత్రం టైప్ 06 లైసెన్సు ఉండాలి. అమ్మకానికి వాడే ప్రెస్‌కు హాబీ వారంటీ వర్తిస్తుందని మాత్రం అనుకోవద్దు.

ముందు ప్రెస్ ఖాళీ చేయండి

ముక్క విరిగిన క్షణంలో ప్రోగ్రెసివ్ ప్రెస్ (ఒక్క స్ట్రోకుతో అన్ని స్టేషన్లలో ఒకేసారి పని జరిగేది) మీద సగం సగం పనులుంటాయి. ఒక స్టేషన్లో ప్రైమర్ ఎక్కిన కేసు, పక్కదాంట్లో పౌడర్ పడిందో లేదో తెలియని కేసు. హ్యాండిల్ వెనక్కీ ముందుకీ ఆడించి చూడాలనిపిస్తుంది. ఆ పని వద్దు. సగం స్ట్రోకులో వెనక్కి తిప్పితే డబుల్ చార్జి (ఒకే కేసులో రెండుసార్లు పౌడర్) పడవచ్చు, విరిగిన ముక్క ఇంకోదాన్ని విరగ్గొట్టవచ్చు.

కళ్లద్దాలు పెట్టుకుని ముందు ప్రైమర్ ట్యూబు తీసేయండి, ఆ తర్వాత ప్రైమర్ స్లైడులోనో డిస్కులోనో మిగిలినవి. షెల్ ప్లేటు (కేసులను పట్టుకుని తిరిగే పళ్లెం) మీదున్న కేసులన్నీ తీసి పక్కన పెట్టండి. పౌడర్ పడిందో లేదో అనుమానంగా ఉన్నది ఏదైనా సరే ఖాళీ చేసేయాలి. పౌడర్ హాపర్‌లోది అసలు డబ్బాలోకే పోయాలి, వేరే డబ్బాలోకి వద్దు. ఇదంతా అయ్యాకే స్క్రూడ్రైవర్ చేతికి తీసుకోవాలి. ప్రైమర్లున్న ప్రెస్‌ను సుత్తితో తట్టి సరిచేయబోవడమంత తెలివితక్కువ పని ఈ హాబీలో ఇంకోటి లేదు.

విప్పేముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి. విప్పాక విరిగిన ముక్క పక్కన స్కేలు పెట్టి ఇంకోటి. ఈ ఫోటోలు రెండు రకాలుగా పనికొస్తాయి. కంపెనీవాళ్లు అడిగేది వీటినే. తిరిగి బిగించేటప్పుడు వాషర్ ఏ వైపుందో మనకు చెప్పేవీ ఇవే.

కంపెనీల మాటలో తేడా ఎక్కడ

డిల్లాన్ ప్రెసిషన్ పేరు నిలబడిందే వారంటీ మీద. స్క్వేర్ డీల్ బి, ఆర్‌ఎల్ 550, ఎక్స్‌ఎల్ 650, ఎక్స్‌ఎల్ 750 లాంటి హాబీ మెషీన్లకు జీవితకాల వారంటీ ఉంది. ఎవరి చేతినుంచి కొన్నారన్నది వాళ్లు పెద్దగా పట్టించుకోరని రీలోడర్లలో పేరు. అయితే అందులో రెండు మినహాయింపులు చాలామంది చూడరు. కేస్ ఫీడర్ మోటారులాంటి విద్యుత్ భాగాలకు ఏడాదే. సూపర్ 1050, ఆర్‌ఎల్ 1100 లాంటి పెద్ద మెషీన్లకు జీవితకాలం వర్తించదు, వాటి గడువు వేరు. అదే కంపెనీ కదా అని 1100 కొని, పదేళ్ల తర్వాత ఉచితంగా ముక్క పంపమంటే కుదరకపోవచ్చు.

లీ ప్రెసిషన్‌ది పూర్తిగా వేరే పద్ధతి. మామూలు వాడకంలో అరిగినా విరిగినా రెండేళ్ల దాకా ఉచితం. ఆ తర్వాత, ఇంకా తయారీలో ఉన్న వస్తువైతే ఎంత పాతదైనా, ఏ స్థితిలో ఉన్నా ఫ్యాక్టరీకి పంపి ప్రస్తుత రిటైల్ ధరలో సగం కడితే కొత్తదానిలా చేసి, కొత్త గ్యారంటీతో తిరిగిస్తారు. వినడానికి బాగుంది. కానీ లీ వస్తువుల ధరలే తక్కువ కాబట్టి లెక్క వేసుకోవాలి. పంపే ఖర్చు, ఎదురుచూసే రోజులు కలిపితే, విరిగిన ముక్క ఒక్కటీ విడిగా కొనుక్కోవడమే చాలాసార్లు లాభం. ప్రెస్ ఒళ్లంతా అరిగిపోయి, డైలు (కేసును సైజు చేసే, బుల్లెట్ కూర్చోబెట్టే అచ్చులు) కూడా తుప్పుపట్టిన స్థితిలో మాత్రమే సగం ధర పద్ధతి గిట్టుబాటవుతుంది.

హార్నడీ, ఆర్‌సీబీఎస్ ప్రెస్‌లకూ పరిమిత జీవితకాల వారంటీ ఉంది. చిన్న ముక్కలకు ఫోను చేసి అడిగితే వాదన లేకుండా పంపుతారని పేరు. ఎలక్ట్రానిక్ త్రాసులు, పౌడర్ డిస్పెన్సర్లు దీనికిందకు వస్తాయనుకోవద్దు, వాటి పత్రం విడిగా చదవాలి. జీవితకాల వారంటీ ఎంత బలమైనదో, దాని వెనకున్న కంపెనీ అంతే బలమైనది. ఆర్‌సీబీఎస్ 2025లో హాడ్జ్‌డన్ పౌడర్ కంపెనీ చేతికి వెళ్లింది. ఇలా యాజమాన్యం మారినప్పుడు పాత మోడళ్ల ముక్కల నిల్వ ఎంతుందో ఒకసారి ఫోను చేసి కనుక్కోవడం మంచిది. తయారీ ఆగిపోయిన మోడల్‌కు వారంటీ ఉన్నా, గోడౌన్లో ముక్క లేకపోతే చేసేదేమీ లేదు.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. అమెరికాలో 1975 నుంచి మాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం అమల్లో ఉంది. రాతపూర్వక వారంటీ పూర్తిదో పరిమితమైనదో స్పష్టంగా రాయాలని అది చెబుతుంది. మా బ్రాండు ముక్కలే వాడాలి, లేకపోతే వారంటీ చెల్లదు అని షరతు పెట్టడాన్ని, ఆ ముక్కలు ఉచితంగా ఇస్తే తప్ప, మామూలుగా ఒప్పుకోదు. అంటే బయటి కంపెనీ హ్యాండిల్ పెట్టినంత మాత్రాన ప్రైమర్ స్లైడుకు వారంటీ పోదు. కానీ ఆ బయటి ముక్క వల్లే నష్టం జరిగితే దాన్ని భరించాల్సిన బాధ్యత కంపెనీకి ఉండదు.

ఏ ముక్కకు ఏ దారి

డీక్యాపింగ్ పిన్ను గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అన్నిటికన్నా ముందు విరిగేది అదే, దాని కారణాలు కూడా ఎక్కువే. బెర్డన్ ప్రైమర్ ఉన్న కేసులో మధ్యలో ఒక రంధ్రానికి బదులు పక్కకు రెండు చిన్న రంధ్రాలుంటాయి. పిన్ను నేరుగా ఇత్తడి మీద గుద్దుకుని వంగుతుంది లేదా విరుగుతుంది. మిలటరీ కేసుల్లో ప్రైమర్‌ను క్రింప్ చేసి (అంచు లోపలికి నొక్కి) బిగిస్తారు, అందుకని దాన్ని తోయడానికి మామూలుకన్నా ఎక్కువ బలం కావాలి. కొన్ని మ్యాచ్ (పోటీ) కేసుల్లో ఫ్లాష్ హోల్ (ప్రైమర్ మంట లోపలికి వెళ్లే రంధ్రం) మామూలు 0.080 అంగుళాలకు బదులు 0.060 దగ్గర ఉంటుంది. మామూలు పిన్ను ఆ రంధ్రంలో ఇరుక్కుని, ర్యామ్ (కేసును డైలోకి ఎత్తి దించే లావు కడ్డీ) దిగేటప్పుడు ఊడివస్తుంది. టంబ్లర్ (కేసులు శుభ్రం చేసే యంత్రం) గింజ ఇరుక్కున్న కేసు, .45 లోపల దూరిన 9 ఎంఎం కేసు, అడుగున చిన్న రాయి, ఇవి కూడా అంతే. పిన్ను డై నోటినుంచి 1/8 నుంచి 3/16 అంగుళం బయటికొస్తే చాలు. అంతకన్నా ఎక్కువ వదిలితే వంగే అవకాశం పెరుగుతుంది.

ఇలా విరిగిన పిన్ను కోసం వారంటీ అడగడం నాకు అనవసరంగా అనిపిస్తుంది. మీరు వాడే డై బ్రాండుకు తగ్గ పిన్నులు ఐదో పదో కొని డైల పెట్టెలో పడేయండి. లీ డైలలో డీక్యాపింగ్ కడ్డీని కొలెట్ నట్టు (చుట్టూ బిగిసి పట్టే నట్టు) పట్టుకుంటుంది. అడ్డం తగిలితే కడ్డీ విరక్కుండా పైకి జారుతుంది. అందుకే అది జారితే ముందు నట్టు బిగింపు చూడాలి, కడ్డీ పోయిందనుకోవద్దు. ఊరికే జారుతోందని నట్టును పైపు రెంచితో బిగించేవాళ్లున్నారు. అలా చేస్తే కడ్డీని కాపాడే ఏర్పాటే లేకుండా పోతుంది.

ఇండెక్సింగ్ భాగాల (కేసును ఒక స్టేషన్ నుంచి ఇంకోదానికి తిప్పేవాటి) వ్యవహారం వేరు. ఇవి విరిగాయంటే దాదాపు ప్రతిసారీ ప్రెస్ ఎక్కడో అడ్డుపడుతోందనే అర్థం. కారణం పట్టుకోకుండా కొత్తది బిగిస్తే అదీ విరుగుతుంది. హార్నడీ లాక్-ఎన్-లోడ్ ఏపీ ప్రెస్‌లో షెల్ ప్లేటు సగం ర్యామ్ పైకి వెళ్లేటప్పుడు, సగం కిందికి వచ్చేటప్పుడు తిరుగుతుంది. దానికి రెండు ఇండెక్స్ పాల్‌లు ఉన్నాయి, రెండింటికీ సర్దుబాటు స్క్రూలున్నాయి. ఏ స్ట్రోకులో కేసు డై కిందికి సరిగ్గా రావడం లేదో చూసి, ఆ పాల్ స్క్రూనే తిప్పాలి, అదీ ఒకసారికి 1/16 చుట్టు చొప్పున. రెండూ ఒకేసారి తిప్పితే అసలు ఎక్కడ మొదలుపెట్టామో తెలియదు. అదే ప్రెస్‌లో కేసులను పట్టుకునే చుట్ట స్ప్రింగు షెల్ ప్లేటు మార్చేటప్పుడు నలిగి మెలిపడుతుంది. దాన్ని అరిగే వస్తువుగానే చూడండి, రెండు మూడు అదనంగా ఉండాలి.

లీ టరెట్ ప్రెస్‌లో (డైలున్న పై తల తిరిగేది) చిన్న ప్లాస్టిక్ చదరపు రాచెట్ కావాలనే బలహీనంగా ఉంటుంది. ర్యామ్ మధ్యలో ఉండగా టరెట్‌ను చేత్తో తిప్పితే అది చిరుగుతుంది, లోహపు భాగాలు బతుకుతాయి. విడిగా నాలుగైదు కొనుక్కోవడమే సులువు. ఒక్కో కేసుకు ఒక్కో పని చేసుకునే రోజున ఇండెక్స్ కడ్డీ పైకి లాగేస్తే ఆ ముక్క మీద భారమే పడదు. డిల్లాన్ 550లో షెల్ ప్లేటును చేత్తోనే తిప్పాలి. దీన్ని లోటుగా చెప్పుకుంటారు గానీ, ముక్కలు తక్కువ కాబట్టి విరిగేదీ తక్కువ. ఏడాదికి కొద్ది వేల తూటాలే నింపేవారు ఎంచుకునేటప్పుడు దీన్ని గట్టిగా లెక్కలోకి తీసుకోవాలి.

డిల్లాన్ 650, 750 ముక్కలు కలపవద్దు. 650లో ప్రైమర్లు గుండ్రటి డిస్కు మీద తిరుగుతూ వస్తాయి, 750లో ముందుకూ వెనక్కూ కదిలే స్లైడు మీద వస్తాయి. ప్రైమింగ్ వైపు ముక్క అడిగేటప్పుడు ఏ మోడలో చెప్పకపోతే పనికిరానిది వస్తుంది. మాన్యువల్ చివర విడదీసిన బొమ్మలో ముక్క నంబరు ఉంటుంది. పేరు కాకుండా ఆ నంబరు చదివి చెప్పండి. ఒకే ముక్కకు మూడు పేర్లు వాడుకలో ఉన్నాయి.

ప్రైమింగ్ భాగాల విషయంలో రాజీ వద్దు. ఏదైనా ప్రైమర్ పేలితే, నలిగిందో లేదో తెలియని ట్యూబు, పంచ్, స్లైడు అన్నీ మార్చేయాలి. ఇక్కడ త్రీడీ ప్రింటు ముక్కలు, ఇంట్లో ఆకురాయితో రుద్ది చేసుకున్న ముక్కలు వద్దు. స్పెంట్ (పేలిపోయిన) ప్రైమర్ డబ్బాకో, బల్ల కింది బుట్టకో అయితే త్రీడీ ప్రింటు చక్కగా పనిచేస్తుంది.

పౌడర్ మెజర్ (పౌడర్ కొలిచి పోసేది) మీది రిటర్న్ కడ్డీ, బెల్ క్రాంక్ (దాన్ని కదిపే వంపు చేయి) పక్కనుండే తెల్ల ప్లాస్టిక్ క్యూబు లాంటివి చూడ్డానికి అల్పంగా ఉంటాయి. కానీ అవి సరిగ్గా వెనక్కి రాకపోతే పౌడర్ తక్కువ పడుతుంది లేదా అసలు పడదు. వారంటీలో ఉచితంగా వచ్చే ముక్కలే ఇవి. అయినా బెంచీ మీద ఒక జత ఉండాలి. డిల్లాన్ ఒక్కో మెషీనుకు విడిగా స్పేర్ ముక్కల కిట్ అమ్ముతుంది. జీవితకాల వారంటీ ఉన్న మెషీనుకు కిట్ ఎందుకని వెక్కిరించేవారున్నారు. వారంటీ ముక్క డబ్బు మిగిలిస్తుంది, కిట్ శనివారాన్ని మిగులుస్తుంది. పోటీకి నెలనెలా తూటాలు నింపేవారు కిట్ కొనాల్సిందే. ఏడాదికి రెండుసార్లు ప్రెస్ ముందు కూర్చునేవారు ఫోను మీద ఆధారపడితే చాలు.

ఇక డైలో ఇరుక్కున్న కేసు. విరిగిన ముక్క కాకపోయినా వారంటీ ఫోను దాకా తీసుకెళ్లేదే ఇది. బాటిల్‌నెక్ (సీసాలా మెడ సన్నబడిన) రైఫిల్ కేసుకు లూబు (జారడానికి పూసేది) సరిపోక సైజింగ్ డైలో పట్టేసి, ర్యామ్ దిగేటప్పుడు అంచు చిరిగిపోతుంది. దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, స్టక్ కేస్ రిమూవర్ కిట్: డీక్యాపింగ్ కడ్డీని వీలైనంత పైకి తీసి, కేసు అడుగును 7వ నంబరు డ్రిల్ బిట్‌తో తొలిచి, 1/4-20 ట్యాపుతో మరలు వేసి, బోల్టుతో లాగాలి. రెండోది డైని కంపెనీకి పంపడం. చేతిలో డ్రిల్ ఉంటే కిట్టే త్వరగా తేలుతుంది. లోపలి గీతలు పడ్డాయేమో అనుమానం ఉంటే మాత్రం పంపండి. డై లోపల పాలిష్ పోతే తర్వాతి ప్రతి కేసు మీదా గీత కనిపిస్తుంది. పిస్టల్ నిటారు కేసులకు కార్బైడ్ డైలు వాడితే ఈ బెడద దాదాపు ఉండదు.

పోత పోసిన ఫ్రేము, లింక్ ఆర్ములు, ర్యామ్: వీటిలో పగులు కనిపిస్తే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, వారంటీయే. ప్రైమర్ మసి తుడిచి, లింక్ పిన్ను రంధ్రాల చుట్టూ, ర్యామ్ దిగే మెడ దగ్గర వెలుతురు పక్కనుంచి వేసి చూడండి. వెల్డింగ్ చేయించవద్దు. పోత అల్యూమినియం వెల్డింగ్ తర్వాత వంకరపోతే డై, షెల్ ప్లేటు ఒక వరుసలో రావు. ఆ వంకరతో కూర్చున్న బుల్లెట్లు ఏవీ నిటారుగా ఉండవు. హ్యాండిల్‌కు పైపు తొడిగి బలం పెంచారా అని కంపెనీవాళ్లు అడిగితే నిజం చెప్పండి. వాళ్లు ముక్క పంపవచ్చు, పంపకపోవచ్చు. కానీ విరగడానికి కారణం లూబు లేని కేసా, పోత లోపమా అన్నది అప్పుడే తేలుతుంది.

ఫోను, పార్శిలు

కంపెనీకి చెప్పాల్సినవి: మోడల్, సీరియల్ నంబరు ఉంటే అది, ముక్క నంబరు, ఏ క్యాలిబర్, ఏ స్ట్రోకులో పోయింది, ఫోటో. చిన్న ముక్కలకు విరిగింది తిరిగి పంపమని అడగడం అరుదు. అయినా కొత్తది వచ్చేదాకా పాతది పారేయకండి, పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి కావాలి.

ప్రెస్‌నే పంపాల్సి వస్తే, ఒక్క ప్రైమర్, ఒక్క పౌడర్ గింజ కూడా లోపల ఉండకూడదు. అమెరికా తపాలా శాఖ తూటాలు, ప్రైమర్లు, పౌడర్ మెయిల్‌లో పంపడాన్ని నిషేధించింది. ప్రైవేటు కొరియర్లకు ప్రమాదకర సరుకు నియమాలున్నాయి. ప్రైమరూ పౌడరూ ఉన్న పూర్తి తూటా డైలో ఇరుక్కుంటే దాన్ని కొట్టవద్దు, తొలవవద్దు, పెట్టెలో పెట్టి పంపవద్దు. ముందు కంపెనీకి ఫోను చేయండి. ఫ్యాక్టరీ మరమ్మత్తుకు ప్రెస్ పంపేటప్పుడు క్యాలిబర్ ముక్కలు, డైలు, హాపర్ విప్పి ఇంట్లోనే ఉంచుకోండి. బరువు తగ్గుతుంది, పోయేదీ తగ్గుతుంది. హ్యాండిల్ విప్పకపోతే దారిలో అదే పెట్టెను చీల్చుకుని బయటికొస్తుంది.

కొత్త ముక్క బిగించాక

పాత మసి తుడవకుండా కొత్తది పెట్టవద్దు. ప్రైమర్ మసి గరుకుగా ఉంటుంది, నూనెతో కలిస్తే రుద్దుడు పేస్టులా మారి ర్యామ్‌నే అరగదీస్తుంది. ర్యామ్ మీద నూనె పలుచగా చాలు. ప్రైమర్ దారిలో మాత్రం నూనె చుక్క కూడా పడకూడదు, నూనె తగిలిన ప్రైమర్ పేలకపోవచ్చు. 650, 750ల్లో ప్లాట్‌ఫాం స్క్రూలు వదులు చేయాల్సివస్తే అలైన్‌మెంట్ టూల్ లేకుండా తిరిగి బిగించవద్దు. షెల్ ప్లేటు బోల్టు పూర్తిగా బిగించి, తర్వాత ప్లేటు తేలిగ్గా తిరిగేంత, 1/8 చుట్టు దగ్గర, వెనక్కి వదిలి, లాక్ స్క్రూ బిగించాలి.

ఏమీ పెట్టకుండా హ్యాండిల్ ఇరవైసార్లు ఆడించండి. తర్వాత ఖాళీ కేసులతో. ప్రైమర్ వైపు ముక్క మార్చి ఉంటే ప్రైమర్ లోతు చూడాలి: కేసు అడుగుకు సమానంగానో, 0.003 నుంచి 0.005 అంగుళం లోపలో ఉండాలి. పైకి పొడుచుకొచ్చిన ప్రైమర్ తుపాకీ బోల్టు మూసుకున్నప్పుడే పేలే ప్రమాదం ఉంది. పౌడర్ వైపు మార్చి ఉంటే వరుసగా పది చార్జీలు విడివిడిగా తూచండి. 0.1 గ్రెయిన్ (పౌడర్ తూచే బరువు కొలత) దాకా చూపించే త్రాసు కావాలి. మొదటి రెండు మూడు తప్పుగా రావడం మామూలే, పౌడర్ కుదురుకునేదాకా. ఐదోది దాటాక కూడా తేడాలు వస్తుంటే ముక్క సరిగ్గా కూర్చోలేదు, మళ్లీ విప్పండి.

సెకండ్ హ్యాండ్ ప్రెస్ కొనేటప్పుడు

మొదటి కొనుగోలుదారుకే వారంటీ అని పత్రంలో ఉందా, వస్తువుకే ఉందా అని ముందు చూడండి. డిల్లాన్ హాబీ మెషీను, లీ వస్తువు సెకండ్ హ్యాండులో కొనడానికి ధైర్యం ఇస్తాయి. మొదటిది వారంటీ వల్ల, రెండోది ముక్కలు చవక కాబట్టి, సగం ధర పద్ధతి ఉంది కాబట్టి. తయారీ ఆగిన మోడల్ అయితే మాన్యువల్‌లోని బొమ్మ దగ్గర పెట్టుకుని, ప్రైమింగ్ వైపు ముక్కలు ఇంకా దొరుకుతున్నాయో లేదో కొనేముందే కంపెనీకి ఫోను చేసి అడగండి. ఫ్రేము, ర్యామ్ బాగుండి ఇవి దొరుకుతుంటే, మిగతా విరిగినవన్నీ బేరమాడటానికే పనికొస్తాయి.